కమాను కింద పనిచేసినవాళ్ళు

మన దగ్గర నదుల మీద కట్టడాలకు బొమ్మ వేయమంటే ఎవరైనా ముందు కాటన్ దొరను వేస్తారు. గుర్రం మీద తెల్ల మనిషి, ఆయన వెనక బారులు తీరిన కమానులు, వాటి కింద నురగలు కక్కే నీళ్ళు, ఆ వెనక పచ్చటి వరిచేలు, నాలుగు కొబ్బరిచెట్లు. క్యాలెండర్ల మీద, బడి గోడల మీద, నీటిపారుదల శాఖ ఆఫీసుల్లో ఈ బొమ్మను ఎన్నిసార్లు చూసి ఉంటామో లెక్క లేదు. ఇది ఎవరు మొదట వేశారని ఎవరూ అడగరు. దేవుడి పటాన్ని ఎవరు వేశారని అడగం కదా, ఇదీ అంతే.

ఈ బొమ్మను కొంచెం నిలబడి చూద్దామని నా ఉద్దేశం. కాటన్ గొప్పవాడా కాదా అని తేల్చడానికి కాదు. ఒక కట్టడాన్ని మెచ్చుకోవాలంటే ఒక్క మనిషినే ఎందుకు వేస్తున్నాం, ఆ ఒక్క మనిషిని వేయడం కోసం ఎవరెవరిని బొమ్మలోంచి తీసేస్తున్నాం అన్నది నా ప్రశ్న. ఇది చిత్రకళకు సంబంధించిన ప్రశ్నే. కానీ ఆడవాళ్ళ పని గురించి ఆలోచించేవాళ్ళకి ఇంకా ఎక్కువ సంబంధించిన ప్రశ్న.

నేనుండేది గూడూరులో. గోదావరి మాకు నాలుగు వందల కిలోమీటర్లకు పైనే. మాది నిమ్మతోటల ఊరు, అభ్రకం గనుల ప్రాంతం. కాటన్ తవ్వించిన కాలువల నీళ్ళు తాగి మేం బతకలేదు. అయినా ఆయన బొమ్మ మాదాకా వచ్చింది. 2025 సెప్టెంబరులో ఇంజనీర్ల దినం నాడు మా ఊళ్ళో ఒక విద్యాసంస్థవాళ్ళు 'వంతెనలు - నిర్మాతలు' అన్న అంశమిచ్చి పిల్లల చేత, కొందరు డ్రాయింగు మాస్టర్ల చేత బొమ్మలు వేయించి ప్రదర్శించారు. నలభై దాకా ఉన్నాయి. ఈ వ్యాసం రాయాలనిపించింది వాటిని చూశాకే.

సగానికి సగం కాటన్‌వే. కొన్నిట్లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య తలపాగాతో ఉన్నారు. ఆరేడు బొమ్మల్లో రాజమండ్రి రైలు వంతెన, 1997లో రైళ్ళు నడవడం మొదలైన ఆ విల్లు ఆకారపు కాంక్రీటు కమానుల వంతెన. దాన్ని సాయంత్రం ఎండలో వేయడమంటే పిల్లలకు సరదా. కమాను గీయడం తేలిక, కంటికి ఇంపు, నీళ్ళలో నీడ తిరగేసి వేస్తే బొమ్మ నిండిపోతుంది. వేసిన చేతుల్లో నైపుణ్యం ఉంది. నీటి రంగులతో ఒక అమ్మాయి వేసిన నురగ చూసి నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. లోపం చేతుల్లో లేదు, చూడమని మనం వాళ్ళకి నేర్పిన చూపులో ఉంది.

ఆ బొమ్మల్లో ఆడవాళ్ళు లేకపోలేదు. మూడు రకాలుగా ఉన్నారు. ఒకటి, నదీమతల్లి. కిరీటం పెట్టుకుని, చేతిలో కలశంతో మబ్బుల్లో ఉంటుంది. రెండు, బొమ్మ ముందు భాగంలో బిందె చంకనెట్టుకుని మనకు వీపు చూపించి నడిచివెళ్ళే పల్లెపడుచు. ఆమె వంతెన కోసం లేదు, వంతెన ఎంత పెద్దదో కొలతకు ఉంది. మూడు, చేలో వంగి నాట్లేసే ఆడవాళ్ళ వరస. వాళ్ళు కట్టడం వల్ల లాభపడినవాళ్ళు, దొరకు రుణపడినవాళ్ళు. దేవతగా ఉన్నారు, అందంగా ఉన్నారు, కృతజ్ఞతగా ఉన్నారు. రాయి మోస్తున్న ఆడమనిషి మాత్రం ఒక్క బొమ్మలోనూ లేదు.

ఈ చూపు మనకు ఎక్కడినుంచి వచ్చింది? నాకు రవివర్మ 'గంగావతరణం' గుర్తొస్తుంది. అచ్చు పటాలుగా వచ్చి దేశమంతా ఇళ్ళ గోడలకు ఎక్కిన బొమ్మ అది. శివుడు కాళ్ళు ఎడంగా పెట్టి, నడుం మీద చేతులుంచి, తల పైకెత్తి నిలబడి ఉంటాడు. పైనుంచి గంగ దిగుతుంటుంది. ఒక పక్క తపస్సు చేసి ఆమెను రప్పించిన భగీరథుడు. ఇంకో పక్క నందిని ఆనుకుని పార్వతి చూస్తూ ఉంటుంది. నది ఆడది. రప్పించినవాడు మగవాడు, పట్టి నిలిపినవాడు మగవాడు. ఇంటి ఆడమనిషికి పక్కన నిలబడి చూసే పని. గోదావరి జిల్లాలవాళ్ళు కాటన్‌ని అపర భగీరథుడన్నారు. ఆ పోలిక మాటతో ఆగలేదు, బొమ్మలోకీ వచ్చింది. శివుడి భంగిమ, భగీరథుడి పేరు రెండూ కలిసి గుర్రమెక్కాయి. ఇక ఆ చట్రంలో రాళ్ళు మోసేవాళ్ళకు చోటెక్కడిది? పురాణంలో గంగను తేవడానికి కూలీలు అక్కర్లేదు, ఒక్కడి తపస్సు చాలు.

కానీ ధవళేశ్వరం తపస్సుతో లేవలేదు. 1830లలో కరువులతో, వరదలతో, తుపానులతో గోదావరి జిల్లా జనం చచ్చి, వలసపోయి, ఊళ్ళు పాడుపడ్డాక, నదికి అడ్డంగా ఆనకట్ట కట్టాలని కాటన్ ప్రభుత్వానికి రాశాడు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ఒక దశలో పదివేల మంది దాకా పనిచేశారని చెబుతారు. ఈ పదివేల మంది ఎవరు? మట్టిపని, రాతిపని చేసే వడ్డెరలు, ఉప్పరులు, చుట్టుపక్కల ఊళ్ళ కూలీలు. వడ్డెరల పని గురించి తెలిసినవాళ్ళెవరికైనా తెలుసు, అక్కడ పనికి వచ్చేది మగవాడు కాదు, కుటుంబం. మగవాడు గడ్డపలుగుతో తవ్వితే ఆడమనిషి తట్టకెత్తుకుని గట్టు మీదికి మోస్తుంది. చంటిబిడ్డ చెట్టు కింద ఉయ్యాల్లో ఉంటుంది. తవ్వినవాడికి ఒక కూలి, మోసినదానికి అంతకంటే తక్కువ కూలి. ఈ లెక్క కాటన్ కనిపెట్టిందీ కాదు, కాటన్‌తో పోయిందీ కాదు. ఈనాటికీ ఇళ్ళ కట్టుబడి దగ్గర మేస్త్రి కూలి, మగకూలి, ఆడకూలి అని మూడు రేట్లు పలుకుతూనే ఉన్నాం.

కమానుల సంగతి ఇంకా స్పష్టంగా కనపడాలంటే ధవళేశ్వరం నుంచి కోనసీమలోకి, గన్నవరం దాకా వెళ్ళాలి. అక్కడ గోదావరి పాయ వైనతేయ. దాని అవతల నగరం లంక. ఆ లంకకు సాగునీళ్ళు ఇవ్వాలంటే కాలువను నది మీదుగా దాటించాలి. అందుకని 1850ల మొదట్లో అక్విడక్టు కట్టారు. నలభై అడుగుల వెడల్పున్న కమానులు 49. కింద నది, పైన కాలువ. కట్టించిన ఇంజనీరు లెఫ్టినెంట్ ఫీలిక్స్ థాకరే హేగ్. బొమ్మల్లో మాత్రం ఈ కమానుల ముందు కూడా కాటనే ఉంటాడు. ఒక్క పేరు పెద్దదైతే పక్క పేర్లను అది ఎలా మింగేస్తుందో ఇక్కడ చూడొచ్చు. సాటి దొర అయిన హేగ్‌నే మింగేసింది. ధవళేశ్వరంలో కాటన్ కింద సబ్ ఇంజనీరుగా పనిచేసిన వీణెం వీరన్నకు రావుబహదూర్ బిరుదూ ఒక శిలాఫలకమూ దక్కాయి, బొమ్మ దక్కలేదు. ఆ కింద ఉన్న పదివేల మందికి ఫలకం కూడా లేదు. ఆ పదివేలలోని ఆడవాళ్ళను కూలీలని కూడా ఎవరూ తలుచుకోరు. కూలీ అనగానే మన కళ్ళ ముందుకు వచ్చేది మగవాడే.

కమాను ఎలా నిలబడుతుందో ఒక్కమాట చెప్పుకోవాలి. రాళ్ళు గాని ఇటుకలు గాని కమానుగా పేర్చాలంటే ముందు కింద కర్రలతోనో మట్టితోనో ఒక అచ్చు కట్టాలి. మన మేస్త్రీలు ఇప్పుడు సెంట్రింగు అంటున్నది అదే. అచ్చు మీద రెండు వైపుల నుంచీ రాళ్ళు పేర్చుకుంటూ వచ్చి నడిమధ్యన చివరి రాయి బిగించేదాకా ఆ బరువంతా మోసేది అచ్చే. బిగించాక రాయి రాయిని నెట్టుకుంటూ తమంత తామే నిలబడతాయి. అప్పుడు అచ్చు ఊడదీసేస్తారు. ఇక కింద ఖాళీ. ఆ ఖాళీనే మనం అందమంటాం. బొమ్మలు వేసేది ఆ ఖాళీనే. 49 కమానులకూ ఎవరో కర్రలు మోశారు, మట్టి పోశారు, సున్నం నూరారు, తడిపారు, తిరిగి ఊడదీశారు. కట్టడం తయారైందంటే అర్థం వాళ్ళ పని కంటికి కనపడకుండా పోయిందని.

ఇంటి పనీ ఇలాంటిదే అని నేను వేరే చెప్పక్కర్లేదు. స్త్రీవాదులం ఇన్నేళ్ళుగా చెబుతున్నది ఇదే. పూర్తయ్యాక కనపడని పని, జరగకపోతేనే కనపడే పని. మా ప్రాంతపు అభ్రకం పనీ ఇలాంటిదే. గూడూరు, సైదాపురం వైపు గనుల్లోంచి తీసిన అభ్రకాన్ని పొరలు పొరలుగా చీల్చి, ఏరి, వేరుచేసే పనిలో తరతరాలుగా ఆడవాళ్ళే ఎక్కువ. రంగులకు మెరుపు రావడానికి అభ్రకం పొడి కలుపుతారు. నీళ్ళు తళతళలాడేట్టు బొమ్మ వేసినవాళ్ళెవరైనా ఆ తళుకు ఏ చేతుల మీదుగా వచ్చి ఉంటుందో ఒకసారి ఆలోచించొచ్చు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. కాటన్‌ని తక్కువ చేస్తున్నారా అంటారు. లేదు. రైళ్ళకు డబ్బు పోసి కాలువలను నిర్లక్ష్యం చేస్తున్న సొంత ప్రభుత్వంతో ఆయన జీవితమంతా పోట్లాడాడు. కరువులో చావులు దైవికం కాదని, నీళ్ళు అందిస్తే ఆపగలిగినవని వాదించాడు. ఆ వాదం మెచ్చుకోదగ్గది. నిజానికి గుర్రం బొమ్మ ఆ వాదాన్ని కూడా మింగేసింది. పై అధికారులతో వాదించి, లెక్కలు కట్టి, ఉత్తరాలు రాసిన మనిషి అక్కడ లేడు. చెయ్యి చాపితే నది ఆగిపోయిన దేవుడున్నాడు. ఒక్కణ్ణే పైకెత్తిన బొమ్మ చివరికి ఆ ఒక్కడికీ న్యాయం చెయ్యదు.

కాటన్‌కి మొదటి పెద్ద బొమ్మ గీసింది రంగులతో కాదు, మాటలతో. గీసింది ఆడమనిషి. ఆయన 1899లో పోయాడు. 1900లో కూతురు ఎలిజబెత్, పెళ్ళయ్యాక లేడీ హోప్, తండ్రి జీవితచరిత్ర ప్రచురించింది. కాటన్ గురించి మనకు తెలిసిందాంట్లో చాలా భాగం ఆ పుస్తకం మీద ఆధారపడిందే. ఆమెకు సొంత పని ఒకటుంది. ఇంగ్లండులోని డోర్కింగ్‌లో కూలిజనం సారాయి కొట్లకు పోకుండా కాఫీ గది ఒకటి నడిపింది, దాని గురించి 1876లో పుస్తకం రాసింది. అయితే లోకానికి ఆమె పేరు తెలిసింది వేరే సంగతితో. డార్విన్ చివరి రోజుల్లో మతం వైపు తిరిగాడని ఆమె చెప్పినట్టు 1915లో ఒక కథనం అచ్చయింది, డార్విన్ పిల్లలు దాన్ని ఖండించారు. తండ్రిని చరిత్రలో నిలబెట్టిన కూతురు చరిత్రలో ఒక వివాదంగా మిగిలింది. ధవళేశ్వరం బొమ్మల్లో ఎక్కడా ఆమె ఉండదు.

ఆమెకు ఒక్క ఏడాది ముందు, 1841లో, మండపేటలో ఇంకో ఆడపిల్ల పుట్టింది. డొక్కా సీతమ్మ. గన్నవరంలో డొక్కా జోగన్నకు భార్యగా వచ్చి, ఆ ఊరి మీదుగా ఏటి రేవుకు వచ్చిపోయే బాటసారులకు వేళాపాళా లేకుండా అన్నం పెట్టింది. 1909లో పోయేదాకా పెట్టింది. ఆమె పేరు విని ఇంగ్లండు రాజు ఎడ్వర్డు ఫోటో తెప్పించుకున్నాడని కోనసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కడ కాఫీ గది, ఇక్కడ అన్నపు పంక్తి. ఒకే నది పనితో ముడిపడ్డ ఇద్దరు ఆడవాళ్ళు దాదాపు ఒకే కాలంలో, ఒకరినొకరు ఎరగకుండా, శ్రమ చేసి అలిసినవాళ్ళకు ఏదో ఒకటి అందిస్తూ బతికారు.

గన్నవరం పాత అక్విడక్టుకు బదులు పక్కనే కొత్తది కట్టి 2000లో ప్రారంభించినప్పుడు దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. నాకు తెలిసి మన రాష్ట్రంలో ఇంత పెద్ద నీటి కట్టడానికి ఒక మామూలు ఇంటి ఆడమనిషి పేరుండటం చాలా అరుదు. మా పెన్న మీద చూడండి. 1850లలో కట్టిన నెల్లూరు ఆనకట్ట స్థానంలో, పైన సంగం ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీలు 2022 సెప్టెంబరులో ప్రారంభమయ్యాయి. ఒకదానికి నల్లపరెడ్డి శ్రీనివాసులురెడ్డి పేరు, ఇంకోదానికి మేకపాటి గౌతంరెడ్డి పేరు. ఇద్దరూ రాజకీయ నాయకులు. వాళ్ళ యోగ్యత గురించి నేను మాట్లాడటం లేదు. నీళ్ళకు అడ్డంగా కాంక్రీటు పడితే దాని మీద మగపేరు పడటం ఎంత సహజమైపోయిందో చెబుతున్నాను. ఆ వరసలో సీతమ్మ పేరు చూస్తే సంతోషమే.

అయితే ఆ సంతోషాన్నీ కొంచెం తడిమి చూసుకోవాలి. సీతమ్మ బొమ్మ ఎలా వేస్తారు? తల నిండా ముసుగు, చేతిలో గరిటె, ముఖంలో కరుణ. అపర అన్నపూర్ణ. 2024లో రాష్ట్రంలో బడి మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరే పెట్టారు. మగవాడు కట్టడంతో గుర్తుండాలి, ఆడమనిషి వంటతో గుర్తుండాలి. పోనీ ఆ వంటయినా పనిగా గుర్తుందా? వందల మందికి వండాలంటే ధాన్యం దంచాలి, పప్పు విసరాలి, నీళ్ళు మొయ్యాలి, కట్టెలు తేవాలి, విస్తళ్ళు కుట్టాలి, ఎంగిళ్ళు ఎత్తాలి. ఆమె ఒక్కతే చేసిందా? ఆ పనులకు వచ్చిన ఆడవాళ్ళ పేర్లేవి, ఏ కులాలవాళ్ళు ఎక్కడిదాకా రానిచ్చేవాళ్ళు? అన్నపూర్ణ అనగానే ఈ ప్రశ్నలు ఆగిపోతాయి. భగీరథుడు అనగానే రాళ్ళు మోసినవాళ్ళ ప్రశ్న ఆగిపోయినట్టే. ఈనాడు బళ్ళలో ఆమె పేరున్న భోజనం వండుతున్నవాళ్ళు దాదాపు అందరూ ఆడవాళ్ళే. జీతం కాదు, గౌరవ వేతనం వాళ్ళకి. దాని కోసం ఎన్నిసార్లు రోడ్డెక్కారో అందరికీ తెలుసు. దేవత పేరు పెట్టినంత తేలిక కాదు పనికి వెల కట్టడం.

మరి వంతెనను ఇంకోరకంగా వేయొచ్చా? వేసినవాళ్ళున్నారు. ఇంగ్లండులో బ్రునెల్ థేమ్స్ నది మీద మెయిడెన్‌హెడ్ దగ్గర ఇటుకలతో కట్టిన రైలు వంతెనను టర్నర్ 1844లో వేశాడు. రెండు పెద్ద కమానులతో నది దాటే ఆ వంతెన ఇంజనీరింగు వింత. టర్నర్ బొమ్మలో కమానులు సరిగా కనపడనే కనపడవు. వాన, ఆవిరి, వాటిలోంచి దూసుకొచ్చే రైలు, దాని ముందు ప్రాణం చేతబట్టుకుని పరిగెత్తే కుందేలు. కట్టినవాణ్ణి పొగడటం కంటే ఆ వేగం మనుషులకు, జీవులకు ఏం చేయబోతోందన్నదే ఆ బొమ్మకు ముఖ్యం. అయినా కట్టినవాళ్ళు అందులోనూ లేరు.

నాకు ఇంకా దగ్గరగా అనిపించేది న్యూయార్కులోని బ్రూక్లిన్ వంతెన కథ. దాని చీఫ్ ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ నది అడుగున పునాదుల పనిలో జబ్బుపడి మంచం పట్టాడు. 1883లో వంతెన తెరిచేదాకా పదేళ్ళ పైచిలుకు ఆయనకూ పనికీ మధ్య నిలబడింది భార్య ఎమిలీ. లెక్కలు నేర్చుకుంది, కాంట్రాక్టర్లతో మాట్లాడింది, ఇంజనీర్లకు సూచనలు చేరవేసింది. 1896లో కరోలస్ దురాన్ అనే ఫ్రెంచి చిత్రకారుడు ఆమె బొమ్మ వేశాడు. అందులో ఖరీదైన బట్టల్లో ఒక పెద్దింటి ఇల్లాలుంది, వంతెన లేదు. మగ ఇంజనీరుకు వెనక వంతెన, ఆడమనిషికి వెనక తెర. 1949లో జార్జియా ఓకీఫ్ అనే చిత్రకారిణి న్యూయార్కు వదిలి వెళ్ళిపోయే ముందు అదే వంతెనను వేసింది. వంతెన ఎంత పొడవో, ఎంత ఎత్తో అందులో తెలియదు. నడిచి వెళుతున్న మనిషి తలెత్తితే ఎదురుగా కనపడే రెండు కమానులు, వాటి మీదినుంచి కిందికి దిగే తీగలు, అంతే. ఒడ్డున నిలబడి మెచ్చుకునే చూపు కాదది, దాటుకుని పోతున్న మనిషి చూపు. ఆ రెండు బొమ్మలూ ఇప్పుడు బ్రూక్లిన్ మ్యూజియంలోనే ఉన్నాయి.

ఈ విషయాలన్నీ నేను గూడూరులో కూర్చుని ఎందుకు తవ్వుతున్నానంటే, ఆ నలభై బొమ్మల్లో ఒకటి నన్ను ఇబ్బంది పెట్టింది. జమ్మూ కాశ్మీరులో చీనాబ్ నది మీద కట్టిన రైలు వంతెన బొమ్మ అది. 467 మీటర్ల ఉక్కు కమాను, నది మీద 359 మీటర్ల ఎత్తు. 2025 జూన్ 6న ప్రారంభమైంది. దాని ముందు చీర కట్టుకున్న ఒక ఆమెను నిలువెత్తున వేశారు, అచ్చు కాటన్ భంగిమలోనే. ఆమె గాలి మాధవీలత. మా పొరుగు ప్రకాశం జిల్లాలోని ఏడుగుండ్లపాడులో పుట్టి, కాకినాడలో ఇంజనీరింగు, వరంగల్లులో ఎంటెక్, మద్రాసు ఐఐటీలో పరిశోధన చేసి, బెంగుళూరు ఐఐఎస్సీలో ఆచార్యులైన మనిషి. పదిహేడేళ్ళు ఆ వంతెన పనికి సలహాదారు. వంతెన తెరిచిన రోజుల్లో ఆమె పేరు దేశమంతా మోగింది. ఒంటిచేత్తో వంతెన కట్టిందన్నట్టు రాశారు.

ఆ బొమ్మ చూసి మొదట గర్వమే కలిగింది. ఎట్టకేలకు గుర్రం మీద మన అమ్మాయి. మరి ఇబ్బంది ఎందుకంటే, ఆమె స్వయంగా ఆ గుర్రం దిగిపోయింది. తను వేలమందిలో ఒకతెనని, అసాధ్యాన్ని సుసాధ్యం చేసిన మహిళ లాంటి మాటలకు ఆధారం లేదని, ప్రణాళిక, నిర్మాణం చేసిన రైల్వేలకు, అఫ్కాన్స్ కంపెనీకి ఆ గౌరవం చెందాలని, కొండవాలు కూలకుండా చేసే పద్ధతులు రూపొందించడంలో, వాలు మీద పునాదుల రూపకల్పనలో సాయపడటమే తన పాత్ర అని రాసింది. అనవసరంగా తనను ప్రసిద్ధురాల్ని చెయ్యొద్దని కోరింది. అదే చోట, తమ కూతుళ్ళు తనలా కావాలని చాలామంది తండ్రులు రాశారనీ చెప్పింది.

చాలామంది దీన్ని వినయం అన్నారు. ఆడమనిషికి వినయం ఎంత అందం అన్నారు. నాకు అది రుచించలేదు. కాటన్ దగ్గర ఎవరూ వినయం అడగలేదు. పొగడ్తను వద్దనమని మగవాళ్ళకు చెప్పని సమాజం, ఒక ఆడమనిషి వద్దంటే ముచ్చటపడుతుంది. ఆమె రాసింది చదివితే అందులో వినయం కంటే ఎక్కువ కనిపించేది కచ్చితత్వం. ఇది నా పని, ఇది నా పని కాదు అని గీత గీసి చెప్పడం. ఇంజనీరు చేసే పనే అది. ఆమె తనను తాను తగ్గించుకోలేదు. చేసిన పనికి సరైన పేరు పెట్టింది, చేసినవాళ్ళ సంఖ్య సరిచేసింది.

అలాగని ఆ అమ్మాయి వేసిన బొమ్మను తప్పుపట్టలేను. పదో తరగతి పిల్లకు వంతెన ముందు నిలబడ్డ చీరకట్టు మనిషి కావాలి. నాకూ ఆ వయసులో కావలసింది, దొరకలేదు. పేరు వద్దనుకునే స్థితి పేరు దొరికినవాళ్ళకే ఉంటుంది. వేలమందిలో ఒకతెనని మాధవీలత అనగలిగింది ఆ ఒకతె ఎవరో అందరికీ తెలుసు కాబట్టే. తట్ట మోసిన వడ్డెర ఆడమనిషికి ఆ మాట అనే అవకాశమే రాలేదు. కాబట్టి ఆడవాళ్ళ పేర్లు కావాలా, అందరి శ్రమ కావాలా అని రెంటిలో ఒకటి తేల్చుకోమంటే నేను ఒప్పుకోను. రెండూ కావాలి. పేరు చెప్పండి, దాని పక్కన ఆ మనిషి ఏ పని చేసిందో కూడా చెప్పండి. మాధవీలత పేరు చెప్పి ఆమె కమాను కట్టిందని కాకుండా కొండవాలును నిలబెట్టే పనిలో ఉందని చెబితే ఆమె చిన్నదైపోదు. పిల్లలకు సివిల్ ఇంజనీరింగు అంటే ఏమిటో తెలుస్తుంది. సీతమ్మ అన్నం పెట్టిందని కాకుండా వంటసాలను ఇన్నేళ్ళు నడిపిందని చెబితే, వంట కూడా నడపాల్సిన పని అని తెలుస్తుంది.

గమనించారా, ఆమె పనిచేసిన చోటు ఏ బొమ్మలోనూ పడదు. చీలికలు పడ్డ రాతికొండను కూలకుండా బిగించడం, దాని మీద పునాది నిలిపే దారి వెతకడం. కమాను ఎంత అందంగా వేస్తే ఆ చోటు అంత మరుగున పడుతుంది. గన్నవరంలో అచ్చు ఊడదీశాక మిగిలిన ఖాళీ లాంటిదే ఇదీ. ఈ మరుగును ఛేదించే బొమ్మ వేయడం పిల్లల వల్ల కాని పనేమీ కాదు. ఇచ్చే అంశం మారిస్తే చాలు. నిర్మాతను వేయమంటే ఒక మనిషిని వేస్తారు. ఒక కమాను ఎలా కట్టారో వేయమంటే వాళ్ళే వెతుక్కుంటారు. కర్రలెవరు తెచ్చారు, సున్నం ఎవరు నూరారు, తట్ట ఎవరి నెత్తికెత్తారు, బిడ్డ ఏ చెట్టు కింద ఏడ్చింది.

49 కమానుల అక్విడక్టు బొమ్మలు నేను చాలా చూశాను. అన్నీ అచ్చు ఊడదీశాక వేసినవే. అచ్చు ఇంకా ఉండగా, మధ్య రాయి ఇంకా బిగియకుండా, కింద జనం పనిలో ఉన్న ఒక్క కమాను చాలు. అది ఎవరైనా వేస్తే చూడాలని ఉంది.